సారు తూము

ఇంజనీరింగు ఉద్యోగాల్లో లాభం ఆడవాళ్ళకా మగవాళ్ళకా అన్న తగువు మా నంద్యాల కాలువ ఆఫీసులో వారానికి ఒకసారైనా లేస్తుంది. ఈ మధ్య ఇద్దరు ఆడపిల్లలు కొత్తగా చేరారు కదా, అప్పటి నుంచి మరీ ఎక్కువైంది. వాళ్ళకు ఫ్యాను కింద కుర్చీ, మనకు ఎండలో గట్టు అని ఒకడంటాడు. వాళ్ళను గట్టు మీదికి పోనిస్తే కదా అని ఇంకొకడంటాడు. నేను టీ సగంలో వదిలేసి లేచిపోతాను. చెన్నకేశవులుకు కోపమెక్కువ, ఒకచోట కూర్చోలేడు అని వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకు తెలియనిది నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. అది కడుపులో పెట్టుకుని నిమ్మళంగా టీ తాగడం ఎవడి వల్లా కాదు. ఈరోజు చెప్పేస్తాను, తర్వాత మీరేమైనా అనుకోండి.

చెప్పవలసింది కృపారత్నం గురించి. పాణ్యం పిల్ల. నాయన ప్రభుదాసు అక్కడి మిషను బడిలో అయ్యవారు. తల్లి చిన్నప్పుడే పోయింది. డెబ్భైలో నంద్యాల పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాకు చేరినప్పుడు మా తరగతిలో నలభై ఒక్కమందిమి. మగపిల్లలం నలభై, ఆమె ఒక్కతి. పాణ్యం నుంచి రోజూ బస్సులో వచ్చేది. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేది, కూర్చుంటే కాళ్ళు లాగుతాయట. సర్వే ప్రాక్టికల్‌కు పోతే మేమంతా గొలుసు పట్టుకుని పొలాల్లో పరిగెత్తేవాళ్ళం, కొలతలు రాసే పుస్తకం ఆమె చేతిలో పెట్టేవాళ్ళం. చేతిరాత బాగుంటుందని సాకు. మూడు వారాలు రాసింది. నాలుగో వారం ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, నీ రాత కూడా బాగానే ఉందిలే కేశవులూ, ఈరోజు గొలుసు నేను పడతానంది. పట్టింది. ఆ మూడేళ్ళూ రాసేవాణ్ణి నేనే అయ్యాను. అప్పుడే నాకు ఒళ్ళు మండింది, ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేముంది.

డెబ్భై అయిదులో మా ఇద్దరికీ కాలువ ఆఫీసులో సూపర్వైజరు ఉద్యోగాలు వచ్చాయి. జనం నోట్లో అది ఓవర్సీరు ఉద్యోగం. ఉన్న ఖాళీలు రెండు. ఒకటి ఆళ్ళగడ్డ సెక్షను: పాతిక మైళ్ళ కాలువ, దాని పిల్లకాలువలు, తూములు, గట్లు, వాటి మీద తిరగడమే పని. రెండోది నంద్యాల ఆఫీసులోనే, డ్రాయింగు బల్ల ముందు కూర్చుని పటాలు గీసే పని. ఆడమనిషి వస్తే బల్ల దగ్గరికి పంపడం అప్పటి ఆనవాయితీ, దానికి ఎవరూ ఆలోచించే పని కూడా లేదు. కానీ కాగితాలు చూసే గుమాస్తా శేషయ్యకు "పి. కృపారత్నం" అని కనబడింది. మా దిక్కు విజయరత్నాలూ జయరత్నాలూ మీసాలు పెంచుకుని తిరుగుతుంటారు, ఆయన తప్పేం లేదు. మార్కులు ఎక్కువున్న రత్నానికి ఆళ్ళగడ్డ, తక్కువున్న కేశవులుకు బల్ల అని రాసి సంతకానికి పంపాడు. పైనుంచి సంతకం అయిపోయి వచ్చింది.

చేరే రోజు ఆమె భుజాన సంచితో వచ్చి నిలబడితే శేషయ్య నాలుక కరుచుకున్నాడు. ఈఈ గారు, అంటే మా డివిజన్‌కు పెద్ద ఇంజనీరు, మంచివాడే. గట్టు మీద పాములుంటాయి, రైతులు మాట తూలుతారు, నీకెందుకమ్మా అన్నాడు. పైవాళ్ళు చేసిన ఆర్డరు ఆయనొక్కడే మార్చడానికి లేదు. ఇద్దరూ ఇష్టపడి "మ్యూచువల్" అని ఒక కాగితం మీద సంతకాలు పెడితే చోట్లు మార్చుకోవచ్చన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే నేను కాగితం రాశాను. సంతకం పెట్టాను, తేదీ వేశాను, ఆమె ముందు పెట్టాను. ఆమె చదివి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"చూస్తాలేప్పా" అంది. మర్నాడు ఆళ్ళగడ్డలో చేరింది.

ఈఈ గారు వదల్లేదు. రెండేళ్ళు ప్రొబేషను, ఈలోగా సెక్షను నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఏ సంతకమూ అక్కర్లేకుండా మిమ్మల్నిద్దర్నీ మార్చేస్తానని గట్టిగానే చెప్పాడు. అంటే సంగతి తేటతెల్లం. రెండేళ్ళు మచ్చ పడకుండా దాటితే కాలువ ఆమెది. మచ్చ పడితే నాది.

నాకు ఆ ఉద్యోగం ఎందుకంత కావాలో చెబుతాను. చిన్నప్పుడు మా ఊరి కాలువ గట్టు మీద ఓవర్సీరు సైకిలు మీద పోతుంటే మా నాయన మడిలో నుంచి లేచి, తలగుడ్డ తీసి నిలబడేవాడు. నాకు కావలసింది ఆ సైకిలు. ఆమెకు కావలసింది కాలువ. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పుడు మాత్రం బల్ల ముందు కూర్చుని ఇంకు పెన్నుతో గీతలు గీస్తుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. గంటకోసారి లేచి వరండాలో తిరిగేవాణ్ణి. వారానికోసారి ఆళ్ళగడ్డ కాగితాలు తెచ్చే ముసలి లస్కరు ఖలందర్ కోసం కాచుకునేవాణ్ణి. లస్కరంటే తూముల పలకలు ఎత్తి దించేవాడు. టీ ఇప్పించి, ఆయమ్మ ఎట్లుందని అడిగేవాణ్ణి. బాగలేదని చెబుతాడేమోనని ఆశ.

ఖలందర్ చెప్పిన మొదటి సంగతికి నేను పడీపడీ నవ్వాను. ప్రభుదాసు అయ్యవారు కూతుర్ని వెంటబెట్టుకుని, ట్రంకు పెట్టె, కిరసనాయిలు స్టవ్వు మోయించుకుని వచ్చి అద్దె ఇల్లు కుదిర్చి పోయాడు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కూతుర్ని కాపురానికి దిగబెట్టాడనుకున్నారు. అల్లుడు వెనక వస్తాడనుకున్నారు. తలుపు మీద "పి. కృపారత్నం, సూపర్వైజరు" అని బోర్డు వేలాడదీశారు. ఆ వచ్చే సారు పేరు కృపారత్నం అన్నమాట! బొట్టూ పుస్తెలూ లేవే అని ఎవరో అంటే, కిరస్తానం వాళ్ళకు అవి ఉండవులే అని ఇంకొకరు సర్దేశారు.

ఇంకా ఒక చిక్కుంది. డాక్టరమ్మ అంటే వైద్యం చేసే ఆమె. టీచరమ్మ అంటే పాఠం చెప్పే ఆమె. ఓవర్సీరమ్మ అంటే మాత్రం ఓవర్సీరు పెండ్లాం. ఆ మాటకు వేరే అర్థం అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు. రైతులు గడప ముందుకొచ్చి, ఓవర్సీరమ్మా, సారు ఉండాడా అని అడిగేవాళ్ళు. నేనే సారునని మొదటి వారమంతా చెప్పిందట. నవ్వారు. ఇంట్లో సారు మీద సారు నువ్వేలేమ్మా అని ఎగతాళి చేశారు. రెండో వారం నుంచి చెప్పడం మానేసింది. ఎవరేం చెప్పినా "ఆ, చూస్తాంలే" అని ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. తెల్లారి ఖలందర్‌ను వెంటబెట్టుకుని పోయి ఆ పని చేసి వచ్చేది. గట్టు మీద ఆమె కనబడితే, సారుకు తీరిక లేక ఆయమ్మను చూసి రమ్మన్నాడనుకునేవాళ్ళు. పై ఊళ్ళవాళ్ళ లెక్కలో సారు ఎప్పుడూ కింద ఉండేవాడు, కింది ఊళ్ళవాళ్ళ లెక్కలో ఎప్పుడూ పైన ఉండేవాడు. రెండేళ్ళు అలా నడిచిందంటే నమ్ముతారా? నడిచింది.

అసలు విషయం ఏమిటంటే, ఓవర్సీరుకు చెప్పని సంగతులు ఓవర్సీరు పెండ్లానికి అందరూ చెబుతారు. కాలువలో గుడ్డలుతికే ఆడవాళ్ళు ఏ ఆసామి గట్టుకు తూటు కొట్టి దొంగగా సిమెంటు గొట్టం దించాడో, ఏ గొట్టం మీద ఏ చెట్టు కొమ్మ కప్పి ఉంచాడో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. మా ఆఫీసు పుస్తకాల్లో ఒక్కటీ లేదు. ఆమె పదకొండు పీకించింది. చివరి ఊరు ఎర్రకొట్టాలకు తొమ్మిదేళ్ళుగా నీళ్ళు సరిగా అందడం లేదు. వర్షాలు లేకపోవడం వల్లేనని ప్రతి ఓవర్సీరూ రాసి పంపేవాడు. ఆ ఊరి మస్తాన్‌బీ గుడ్డలు పిండుకుంటూ ఒక మాటంది: కాలువలో నా మోకాలు మునిగినప్పుడే తూములోకి నీళ్ళు తిరుగుతాయమ్మా, పిక్క దాకా ఉంటే తిరగవు. కృపారత్నం మర్నాడే లెవల్ పరికరం తెచ్చి చూసింది. తూము అడుగు బండ కాలువ అడుగు కంటే మూరెడు ఎత్తున పరిచారు. తొమ్మిదేళ్ళ కింద కట్టినప్పుడే జరిగిన తప్పు. ఎండాకాలం కాలువ ఆపినప్పుడు, నలభై రోజులు అక్కడే నిలబడి ఆ తూము పీకించి దించి కట్టించింది. డెబ్భై ఆరు పంటకు ఎర్రకొట్టాల మొత్తం నాట్లు పడ్డాయి. ఆ ఊరివాళ్ళు దానికి సారు తూము అని పేరు పెట్టుకున్నారు.

ఇదంతా ఖలందర్ గర్వంగా చెబుతుంటే వినలేక లేచి వరండాలో తిరిగాను. ఇది లాభం కాకపోతే మరేమిటి? నేను ఆ గట్టు మీద పోయుంటే మస్తాన్‌బీ కొంగు కప్పుకుని పక్కకు తిరిగేది, మోకాలి మాట ఎత్తేదా? ఆడమనిషి కాబట్టి దొరికిన పేరే కదా అని ఆఫీసంతా వినేలా వాదించాను. ఇప్పటికీ ఆ వాదనలో అబద్ధం లేదు. ఆమెకు ఆ లాభం ఉంది. కానీ ఆమె పేరు సారుకు పోతున్న సంగతి నేను ఏ రోజూ లెక్కలోకి తీసుకోలేదు.

డెబ్భై ఏడు ఆగస్టు వచ్చింది. ఇంకొక్క నెల గడిస్తే ప్రొబేషను అయిపోతుంది. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. ఒక బుధవారం సెలవు పెట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. బస్టాండు ముందు టీ బంకు దగ్గర ఎర్రకొట్టాల రైతులు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో సైదులు అనే పెద్దమనిషి సారును పొగుడుతున్నాడు. దేవుడట్లాంటోడు, కంటికి కనపడడు, పని మాత్రం చేసి పెడతాడు అంటున్నాడు. ఒకడు నేను మాట్లాడినాను కూడా అన్నాడు. ఎర్రగా పొడుగ్గా ఉంటాడట.

అక్కడ నా నోరు ఊరుకోలేదు.

"మీ సారు ల్యాడప్పా" అన్నాను. "ఉండేది ఆయమ్మ ఒక్కతే. ఉద్యోగం ఆయమ్మకే ఇచ్చినారు."

నేను చెప్పింది అక్షరాలా నిజం. సారు అనేవాడే లేడు, ఆమే ఓవర్సీరు, మిమ్మల్ని రెండేళ్ళు మోసం చేసింది, పోయి నిలదీయండి అని నా భావం. వాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టేశారు. సైదులు తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎప్పుడప్పా అన్నాడు. ఎప్పటి నుంచో అన్నాను. అంతలో నంద్యాల బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కేశాను. సైదులు కళ్ళు తుడుచుకోవడం కిటికీలో నుంచి చూశాను. కోపం వచ్చినవాడు కళ్ళెందుకు తుడుచుకుంటాడని బస్సులో నంద్యాల దాకా ఆలోచించాను. నాకు తట్టలేదు.

వాళ్ళు విన్నది ఇదీ: సారు పోయాడు, ఆయమ్మ ఒక్కతే మిగిలింది, సర్కారు జాలిపడి మొగుని ఉద్యోగం ఆమెకు ఇచ్చింది. మన భాషలో లేడు అంటే లేడే మరి. చచ్చినవాణ్ణీ అదే అంటాం, అసలు పుట్టనివాణ్ణీ అదే అంటాం.

తెల్లారి ఎర్రకొట్టాల ఆడవాళ్ళు పదిహేనుమంది ఎద్దులబండి కట్టుకుని ఆమె ఇంటికొచ్చారు. ఆమె సైకిలు బయటికి తీస్తోంది. మస్తాన్‌బీ ముందుగా దిగి, ఆమెను కావలించుకుని గట్టిగా ఏడ్చింది.

"పోయినాడంట గదమ్మా. మాకు ఒక్క మాటైనా చెప్పకపోతివి" అంది.

కృపారత్నానికి లోకంలో ఉన్నది ఒక్కడే మగాడు. పాణ్యంలో ఉన్న నాయన. ఎవరు చెప్పారు, ఎప్పుడు అని కూడా అడగలేదు. పదిహేనుమంది ఏడుస్తుంటే ఏం అడుగుతుంది? సైకిలు అక్కడే పడేసి బస్టాండుకు పరిగెత్తింది. నంద్యాలలో బస్సు మారి పాణ్యంలో దిగి, చెప్పులు లేని కాళ్ళతో బడి దాకా పోయింది. ప్రభుదాసు అయ్యవారు మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాడు. కూతుర్ని చూసి, ఏమ్మా, ఈరోజు కాలువ లేదా అన్నాడు. ఆమె బడి మెట్ల మీద కూలబడి, కడవలో నీళ్ళు అడిగి తాగింది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. నిలబడలేని జ్వరం. మర్నాడు కూడా లేవలేకపోయింది.

ఆ మర్నాడే పైన వానలు పడి కాలువ నిండుగా వచ్చింది. ఎక్కడెక్కడ పలకలు దించాలో చెప్పే మనిషి సెక్షనులో లేదు. ఖలందర్ తనకు తోచింది చేశాడు, ముసలివాడు ఒక్కడే ఎంత దూరం ఉరుకుతాడు? ఎర్రకొట్టాలకు పైన గట్టు తెగింది. నాలుగు మళ్ళు నారు కొట్టుకుపోయింది. రైతులు కూర్చుని ఆఫీసుకు అర్జీ రాయించారు.

ఆ అర్జీ ఈఈ గారు ఆమెను ఎదురుగా నిలబెట్టి చదివించాడు. మేమంతా అక్కడే ఉన్నాం. శేషయ్య చదివాడు. మా ఓవర్సీరు కృపారత్నం సారు గారు రెండేళ్ళలో మాకు ఎవరూ చేయని మేలు చేసినారు. వారు కాలం చేసినందుకు మా ఊరంతా దుఃఖపడుతోంది. వారి భార్యకు ఉద్యోగం ఇచ్చిన సర్కారుకు దండాలు. కానీ ఆయమ్మ చేతిలో రెండు రోజులకే గట్టు తెగింది. ఆయమ్మకు ఆఫీసులో నీడపట్టున ఏదైనా పని ఇచ్చి, మాకు పోయిన సారు అంతటి మగసారును పంపవలసింది. కింద యాభై రెండు వేలిముద్రలు, ఆరు సంతకాలు.

గదంతా గొల్లుమంది. ఈఈ గారు కూడా నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు తగ్గాక, ఎవరమ్మా ఈ సారు అని అడిగాడు.

"నేనే సార్" అంది కృపారత్నం. "ఆ సారు నేనే."

జ్వరం ఇంకా తగ్గలేదు, గొంతు బొంగురుగా ఉంది. ఈఈ గారు అర్జీని ఇంకోసారి తనే చదువుకున్నాడు. ఆయనకు అర్థమైందని నాకు ముఖంలో కనబడింది. ఇంత మేలు చేసింది ఎవరో ఆయనకు ఆ క్షణంలో తెలుసు. అయినా సెక్షను వదిలి చెప్పకుండా ఎందుకు పోయావన్నాడు. మా నాయన పోయినాడని విన్నానంది. ఎవరు చెప్పారన్నాడు. పెళ్ళికాని పిల్ల, నా మొగుడు చచ్చాడని ఊరంతా ఏడవడానికి వచ్చిందని అందరి ముందూ ఎట్లా చెబుతుంది? ఖలందర్ తలుపు దగ్గర నుంచి ఏదో చెప్పబోతే బంట్రోతు బయటికి తోసేశాడు. ఆ గదిలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కడినే. బల్ల మీది పెన్సిలు మొన ఎంత సన్నగా ఉందో చూస్తూ నిలబడ్డాను.

మగవాడైతే నాయన చచ్చాడని విని పరిగెత్తడా? పరిగెత్తుతాడు. పాపం అంటారు, రెండు రోజుల సెలవు రాసుకోమంటారు. ఆమెకు మాత్రం, అందుకేనమ్మా నేను మొదట్నుంచీ చెప్పింది అన్నాడు ఈఈ గారు. ఎంతో దయగా అన్నాడు. ఆ సాయంత్రమే ఆర్డరు తయారైంది. ఆమెకు బల్ల, నాకు ఆళ్ళగడ్డ.

నేను సైకిలు మీద గట్టెక్కితే రైతులు నిజంగానే లేచి నిలబడ్డారు. ఒక వారం ఆనందంగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది. ముందటి సారు అయితే అడక్కముందే చేసేవాడు. ముందటి సారు ఈ గొట్టం ఉండనిచ్చేవాడా? ముందటి సారుకు తూము లోపల ఏముందో కూడా తెలుసు. చచ్చిన మనిషితో, అందులోనూ ఎన్నడూ బతకని మనిషితో, ఎవడు పోటీ పడగలడు? కోపం వచ్చి ఒకరోజు, ఆ సారు ఆయమ్మేరా అని అరిచాను. సైదులు నన్ను జాలిగా చూశాడు. చనిపోయినోళ్ళ మీద అసూయ వద్దప్పా అన్నాడు.

నా భార్య రామేశ్వరమ్మ ఆళ్ళగడ్డకు వచ్చాక తనకు నిజంగానే ఓవర్సీరమ్మ అని పేరు వచ్చింది. ఆడవాళ్ళు ఆమెకూ అన్నీ చెప్పేవాళ్ళు. ఎవరో మళ్ళీ గొట్టం దించారట, సారు తూముకు పైన మట్టి మేట వేసిందట అని నేను అన్నం తింటుంటే చెప్పేది. కాలువ సంగతి నీకెందుకే, పెరుగు వెయ్యి అనేవాణ్ణి. కృపారత్నానికి ఆడదైనందుకు దొరికిందని నేను ఏడ్చిన ఆ లాభం నా ఇంట్లోనే, నా కంచం పక్కనే ఉంది. నాకు చెవిన పడలేదు. నాలుగేళ్ళలో ఎర్రకొట్టాలలో సగం పొలం మళ్ళీ జొన్నకు తిరిగింది.

ఎనభై నాలుగు వేసవిలో కాలువ మొత్తానికి కొత్త పటం వేయించారు. ప్రతి సెక్షనూ తన తూములను ఊరివాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో రాసి ఇవ్వాలి. పటం గీసేది కృపారత్నం. ఏడేళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉంది. పెళ్ళి చేసుకోలేదు, నాయన పోయాక పాణ్యం పోవడం కూడా మానేసింది. ఆమె అక్షరాల అందం గురించి పై ఆఫీసులో కూడా చెప్పుకుంటారు. కింద ఆమె కాలు మాత్రం ఒక్క నిమిషం ఆగదు. బల్ల అడ్డకర్రకు ఆమె చెప్పు తగిలే చోట రంగు పోయి కర్ర తెల్లగా తేలింది.

నా జాబితా నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఎర్రకొట్టాల తూము దగ్గర, మూడు రోజులు ఆలోచించి, "కృపారత్నం తూము" అని రాశాను. అది చూసి ఆమె ఏమంటుందోనని బల్ల పక్కనే నిలబడ్డాను. ఆమె ఆ పేరు దగ్గర ఆగింది. పెన్సిలుతో కొట్టేసి పక్కన "సారు తూము" అని రాసింది.

"ఆ ఊర్లో పోయి కృపారత్నం తూము యాడుందని అడుగు. ఒక్కురు చెప్పరు" అంది. "జనం పిలిచేదే పటంలో ఉండల్ల. తప్పు పటం నేను గీయను."

అప్పుడు చెప్పేశాను. ఆ రోజు టీ బంకు దగ్గర సారు ల్యాడని చెప్పింది నేనే రత్నం అన్నాను. ఆమె తల ఎత్తలేదు. తెలుసు, ఖలందర్ ఆ వారమే చెప్పినాడంది. మరి ఇన్నేళ్ళు ఎందుకు అడగలేదన్నాను. ఆమె సొరుగు లాగి నాలుగు మడతల కాగితం తీసింది. నా మ్యూచువల్ కాగితం. పైన డెబ్భై అయిదు నాటి నా సంతకం వెలిసిపోయింది. దాని కింద ఆమె సంతకం, డెబ్భై ఏడు తేదీతో. ఆమెను బల్లకు మార్చిన రోజు తేదీ అది.

"నేనైతే ఎప్పుడో పెట్టినా. నీది పాతదైపోయింది, పక్కన ఇంకొకటి పెట్టు" అంది. "తూముకు పేరు నాకొద్దు కేశవులూ. నాకు కాలువ కావల్ల."

పెన్ను నా జేబులోనే ఉంది. తీస్తే అయిపోయేది. నా కళ్ళ ముందు గట్టు మీద లేచి నిలబడే తలగుడ్డలు కనబడ్డాయి. బల్ల, ఫ్యాను, గంటకోసారి వరండా కనబడ్డాయి. ఆమె కాలు ఆగిపోయింది. ఏడేళ్ళలో మొదటిసారి అనుకుంటాను.

రామేశ్వరమ్మను ఒక మాట అడిగి చెబుతానన్నాను. పెళ్ళయిన నాటి నుంచి నేను రామేశ్వరమ్మను ఏదీ అడిగి చేసింది లేదు. ఆ సంగతి కృపారత్నానికి కూడా తెలుసు.

ఆమె కాగితం మళ్ళీ అవే మడతల్లో మడిచి సొరుగులో పెట్టి మూసింది. పెన్ను ఇంకులో ముంచింది. బల్ల కింద కాలు మళ్ళీ కదలడం మొదలైంది.

"తర్వాత తూము పేరేంది?" అంది.

చెప్పాను. ఆమె రాసుకుంది.